"రీస్టార్ట్ చేసేశాం మేడమ్!"

ఈ నెల లినక్స్ సర్వర్ల గొడవల మీద మీరు రాసిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చుంటే అన్నిట్లోనూ ఒకటే పాట. "రీస్టార్ట్ చేసేశాం మేడమ్, అప్పటికి బాగైంది, మళ్లీ అదే గొడవ." ఇంట్లో దొంగ పడితే పోలీసులు రాకముందే గదులన్నీ ఊడ్చి తడిగుడ్డ పెట్టినట్టుంది మీ పని. మెమరీలో ఉన్న ఆనవాళ్లన్నీ రీస్టార్ట్‌తో తుడిచిపెట్టుకుపోతాయి. ఏ ప్రాసెస్ దేన్ని పట్టుకుని కూర్చుందో, ఎవరెంత తిన్నారో చెప్పే నాథుడుండడు. ఒక్క ఐదు నిమిషాలు ఓపిక పట్టి తెర మీదున్నది ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ తర్వాత మీ ఇష్టం.

ఇంకో మాట. కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టండి, లినక్స్‌కు పెద్దా చిన్నా పట్టింపు ఎక్కువ. పెద్ద అక్షరం కావాల్సిన చోట నేనే చెబుతాను.

ప్రశ్న: మాది డయాగ్నస్టిక్ సెంటర్. రిపోర్టుల సాఫ్ట్‌వేర్ ఉబుంటు సర్వర్ మీద నడుస్తుంది. రిపోర్టు సేవ్ చేయబోతే 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అంటోంది. మా కుర్రాడు 60 జీబీ ఉన్న లాగ్ (సాఫ్ట్‌వేర్ రాసుకునే డైరీ) ఫైలు డిలీట్ చేశాడు. అయినా డిస్కు నూటికి నూరు నిండే కనిపించింది. రాత్రి రీస్టార్ట్ చేస్తే ఖాళీ అయింది. నాలుగు రోజులకు మళ్లీ నిండింది, మళ్లీ డిలీట్ చేశాం, మళ్లీ ఖాళీ కాలేదు. ఇంకేం డిలీట్ చేయమంటారు?
— ల్యాబ్ మేనేజర్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఇంకేమీ డిలీట్ చేయకండి. ముందు మీ కుర్రాణ్ని కీబోర్డు దగ్గర్నుంచి లేపండి.

అద్దె ఇంటి గుమ్మం మీద పేరు పలక పీకేసినంత మాత్రాన ఇల్లు ఖాళీ కాదు కదా, లోపల కాపురం ఉన్నవాడు సామాను సర్దుకుని వెళ్లాలి. లినక్స్‌లో ఫైలు డిలీట్ చేయడమంటే పేరు పలక పీకడమే. ఆ ఫైలును ఏదైనా ప్రోగ్రామ్ తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఆ జాగాను ఎవరికీ ఇవ్వదు. మీ రిపోర్టుల సాఫ్ట్‌వేర్ ఆ లాగ్‌ను తెరిచే ఉంచి, పేరు లేని ఫైల్లోకి ఇంకా రాస్తూనే ఉంది. అందుకే రీస్టార్ట్ చేస్తే ఖాళీ అయింది. అది రీస్టార్ట్ గొప్పతనం కాదు, ఆ ఒక్క ప్రోగ్రామ్ ఆగడం వల్ల.

దీనికో గుర్తుంది. డీయూ కమాండు పేర్లున్న ఫైళ్లను లెక్కపెడుతుంది, డీఎఫ్ నేరుగా ఫైల్ సిస్టమ్‌ను అడుగుతుంది. డీఎఫ్ 100 జీబీ వాడకం అని, డీయూ 40 అని చెప్పిందనుకోండి, మధ్యలో పోయిన 60 ఎవరో పట్టుకుని ఉన్నారన్నమాట. ఎవరో తెలియాలంటే సుడో (అడ్మిన్ అధికారం) పెట్టి ఎల్‌ఎస్‌ఓఎఫ్, ఒక ఖాళీ, తర్వాత ప్లస్, పెద్ద ఎల్, ఒకటి. ఈ మూడింటి మధ్య ఖాళీ ఉండకూడదు. వచ్చిన వరసల్లో చివర 'డిలీటెడ్' అని, ఎన్‌లింక్ గడిలో సున్నా అని కనిపిస్తుంది. సైజు గడిలో కొండంత అంకె ఉన్న వరసే మీ దొంగ. మొదటి గడిలో ప్రోగ్రామ్ పేరు, రెండో గడిలో దాని ప్రాసెస్ నంబరు. ఆ ఒక్క సర్వీసును ఆపి మళ్లీ నడిపితే చాలు, మొత్తం సర్వర్‌ను పడుకోబెట్టక్కర్లేదు. ల్యాబులో జనం ఉన్న వేళ ఆ సర్వీసు కూడా ఆపడం కుదరకపోతే, ప్రోక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద ఎఫ్‌డీ అనే ఫోల్డర్ ఉంటుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఎఫ్‌డీ గడిలో చూపిన అంకె పేరుతో అందులో ఫైలు కనబడుతుంది. దాని మీద ట్రంకేట్ హైఫన్ ఎస్ సున్నా కొట్టండి, ఫైలు ఉంటుంది, లోపలున్నది పోతుంది. కాపురం కదలకుండానే సామాను మాయం.

ఇకమీదట లాగ్ పెరిగితే డిలీట్ చేయకుండా ట్రంకేట్ చేయండి. అసలు పెరగనీయకుండా లాగ్‌రొటేట్‌లో (పాత లాగ్‌లను వేళకు తీసేసే ఏర్పాటు) ఆ ఫైలుకో నాలుగు లైన్లు రాయండి. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఆ పని చేసి ఉండాల్సింది, చేయరు. డీబగ్ స్థాయిలో, అంటే ప్రతి చిన్న సంగతీ రాసేలా, లాగ్ పెట్టి మర్చిపోయి వెళ్లిపోతారు. నాలుగు రోజుల్లో అంత రాస్తోందంటే మీ దగ్గరా అదే జరిగిందని నా అనుమానం.

ఇదే 'నో స్పేస్' మాట డీఎఫ్‌లో బోలెడు ఖాళీ ఉన్నప్పుడూ వస్తుంది. అప్పుడు డీఎఫ్ హైఫన్ ఐ కొట్టి ఐనోడ్లు చూడండి. ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ (ఫైలు వివరాల చీటీ) కావాలి. ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసేటప్పుడే మామూలుగా 16 కేబీకి ఒకటి చొప్పున కేటాయించేస్తారు, అంటే 100 జీబీకి సుమారు 65 లక్షలు. పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లు లక్షల్లో పేరుకుపోయి, ఒక్కోటీ ఆవగింజంత ఉన్నా, ఐనోడ్లన్నీ ఊడ్చేయడం నేను చాలాసార్లు చూశాను. సినిమా హాల్లో సీట్లు ఖాళీగానే ఉంటాయి, టికెట్ పుస్తకం అయిపోతుంది.

కోఠిలో ఒక మందుల హోల్‌సేల్ షాపు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. అక్కడ డీయూ, డీఎఫ్ కలవలేదు, ఎల్‌ఎస్‌ఓఎఫ్ కూడా ఏమీ చూపలేదు. రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది. రాత్రి బ్యాకప్ ఒక యూఎస్‌బీ డిస్కులోకి వెళ్లాలి. ఓనరుగారబ్బాయి సినిమాలు ఎక్కించుకోవడానికి ఆ డిస్కు పీక్కుపోయాడు. తొమ్మిది రాత్రులు స్క్రిప్టు ఆ ఖాళీ ఫోల్డర్‌లోకే, అంటే సర్వర్ సొంత డిస్కు మీదే, బ్యాకప్ రాసింది. తర్వాత కుర్రాడు డిస్కు తెచ్చి మళ్లీ తగిలించాడు. అది అదే ఫోల్డర్ మీద మౌంటై, అంటే అక్కడికే అతుక్కుని, కింద రాసినవన్నీ చాప కింద ధూళిలా కప్పేసింది. సర్వర్ సొంత డిస్కును (రూట్) ఇంకో ఫోల్డర్‌లో కూడా కనబడేలా బైండ్ మౌంట్ చేసి చూస్తే కనిపించాయి, తొమ్మిది బ్యాకప్పులూ బుద్ధిగా వరసలో. బ్యాకప్ స్క్రిప్టు మొదట్లో మౌంట్‌పాయింట్ హైఫన్ క్యూ అని, ఫోల్డర్ పేరు ఇచ్చి ఒక తనిఖీ పెట్టుకోండి. డిస్కు లేకపోతే స్క్రిప్టు అక్కడే ఆగాలి.

ప్రశ్న: ఎనిమిది మంది పనిచేసే ఆడిట్ ఆఫీసు మాది. డెబియన్ లినక్స్ మీద సాంబా (ఆఫీసు కంప్యూటర్లతో ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్) ఫైల్ సర్వర్. ఇంతకుముందు ఫైలు కాపీ సెకనుకు 110 ఎంబీ దాకా వచ్చేది. వినాయక నిమజ్జనం తర్వాత 11 దాటడం లేదు. సర్వర్ పాతబడింది, కొత్తది తీసుకోండి అంటున్నాడు మాకు సప్లై చేసేవాడు. కొటేషన్ కూడా పంపాడు.
— ఆఫీసు మేనేజర్, కూకట్‌పల్లి

జవాబు: ఆ కొటేషన్ పక్కన పెట్టండి. రోగం పేరు మీ ఉత్తరంలోనే ఉంది, 11 అనే అంకెలో.

గిగాబిట్ లింకు అంటే సెకనుకు 1000 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 125 మెగాబైట్లు, ప్యాకెట్ల పైఖర్చు పోను 110 చిల్లర. 100 మెగాబిట్ లింకైతే 12.5, పైఖర్చు పోను 11 చిల్లర. సర్వర్ ముసలిదై ఉంటే వేగం 70కో 43కో పడిపోయేది, ఏ అడ్డదిడ్డం అంకెలో అయినా ఆగేది. సరిగ్గా పదో వంతు దగ్గర ఆగిందంటే లింకు గిగాబిట్ నుంచి 100కు దిగిపోయింది. ఎథ్‌టూల్ అని కొట్టి పక్కన మీ నెట్‌వర్క్ కార్డు పేరు ఇవ్వండి (పేరు తెలియకపోతే ఐపీ లింక్ కొడితే చెబుతుంది). స్పీడ్ అన్న వరసలో 100 కనిపించకపోతే ఈ శీర్షిక రాయడం మానేస్తాను.

ఎందుకు దిగిందంటే కేబుల్. ఆ నీలం తీగలో నాలుగు జతలు ఎనిమిది వైర్లుంటాయి. 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు, పిన్నుల్లో 1, 2, 3, 6. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. 4, 5, 7, 8లో ఒక్క వైరు తెగినా చాలా కార్డులు లింకు పూర్తిగా పోగొట్టకుండా, సర్దుకుని 100కు దిగి బతుకు ఈడుస్తాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది, పింగ్ ('ఉన్నావా' అన్న కబురుకు జవాబు) వస్తూనే ఉంటుంది. కాబట్టి ఎవరికీ కేబుల్ మీద అనుమానం రాదు.

నిమజ్జనం అన్నారు కాబట్టి అడుగుతున్నాను: మీ కేబుల్ సెల్లార్‌లోంచో మెట్ల పక్క నుంచో పోతుందా? మండపానికి సీరియల్ లైట్లు కట్టినవాళ్లు మీ కేబుల్‌నే ఆసరాగా చేసుకుని కట్టి, విప్పేటప్పుడు లాగి ఉంటారు. క్లిప్పు దగ్గర చూడండి, పైతొడుగు వెనక్కి జారి లోపలి రంగు వైర్లు కనిపిస్తూ ఉంటాయి. ఆ కొస కత్తిరించి కొత్త ఆర్‌జే45 క్రింపు చేయించండి. అప్పటికీ 100 దగ్గరే ఉంటే కేబుల్ మార్చండి. పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళితే మీటర్ల లెక్కన కోసిస్తారు. కొనేటప్పుడు 'ఫుల్ కాపర్' అని నొక్కి అడగండి. అల్యూమినియానికి రాగి పూత పూసిన తీగ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, చవగ్గా వస్తుంది, రెండుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. కొస మీద గోటితోనో బ్లేడుతోనో గీకితే తెల్లగా వస్తే అది అల్యూమినియమే.

ఒక్క హెచ్చరిక. ఎవరైనా తెలివైనవాడు వచ్చి, స్పీడును కమాండుతో 1000కి బిగించేద్దాం అంటే ఒప్పుకోకండి. రాగి తీగ మీద గిగాబిట్‌కు రెండు కొసలూ మాట్లాడుకుని ఒప్పందానికి రావడం తప్పనిసరి. ఒక కొసను 100కు బిగించి, రెండో కొసను దానిష్టానికి వదిలేస్తే అది హాఫ్ డూప్లెక్స్‌లో (ఒకసారికి ఒక వైపే మాట్లాడే పద్ధతి) పడుతుంది. అప్పుడు ఈ 11 కూడా రాదు.

ప్రశ్న: అక్కా, అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండి లినక్స్ కోర్సు చేస్తున్నాను. ప్రాక్టీసుకిచ్చిన సర్వర్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే ఫ్రీ కమాండులో ఫ్రీ 200 ఎంబీయే చూపిస్తోంది. ర్యామ్ పాడైందా? కాష్ ఖాళీ చేసే కమాండు గంటకోసారి నడిచేలా క్రాన్‌లో (వేళకు పనులు నడిపేది) పెట్టమని నా రూమ్మేట్ అంటున్నాడు.

జవాబు: ర్యామ్ బానే ఉంది తమ్ముడూ, రూమ్మేట్ సలహాయే పాడైంది. ఖాళీగా ఉన్న ర్యామ్ అంటే అద్దె కట్టి తాళం వేసి ఉంచిన షట్టర్ లాంటిది. కెర్నల్ ఆ జాగాలో డిస్కు నుంచి చదివినవన్నీ దాచుకుంటుంది, ఎవరైనా అడిగితే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. నువ్వు చూడాల్సింది ఫ్రీ గడి కాదు, కుడి చివర ఉన్న అవైలబుల్ గడి. ఆ లెక్కను కెర్నల్ 2014లో వచ్చిన 3.14 నుంచి తానే వేసి ఇస్తోంది. గంటకోసారి కాష్ ఊడ్చేస్తే గంటకోసారి డిస్కు మళ్లీ మొదట్నుంచి చదువుతుంది, అంతే లాభం.

నిజంగా ర్యామ్ చాలకపోతే ఎలా తెలుస్తుందని ఇంటర్వ్యూలో అడుగుతారు. డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాలు) 'అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్' అన్న వరస వెతుకు, మెమరీ చాలక కెర్నల్ ఒక ప్రోగ్రామ్‌ను చంపిందన్నమాట. ప్రాణం పోయేది ఎక్కువగా అందరికంటే లావుగా ఉన్నవాడిది, అంటే డేటాబేస్‌ది. తప్పు చేసినవాడు అదే కానక్కర్లేదు, ఆ క్షణంలో లావుగా కనిపించింది అది.

ప్రశ్న: మా ఆఫీసులో సర్వర్ రోజూ ఉదయం పదింటికి అందుబాటులోంచి పోయి, మధ్యాహ్నం భోజనాల వేళ బాగై, మళ్లీ రెండింటికి పోతుంది. స్విచ్ మార్చినా అంతే.
— నాంపల్లి

జవాబు: పదింటికి వచ్చి, భోజనానికి బయటికెళ్లి, రెండింటికి తిరిగి వచ్చేది మీ ఆఫీసులో ఎవరు? వాళ్ల ల్యాప్‌టాపో ఫోనో మీ సర్వర్ ఐపీ అడ్రసునే వాడుతోంది. సర్వర్‌కు అడ్రసు చేత్తో ఇచ్చారు, రౌటర్‌కు ఆ సంగతి చెప్పలేదు, అది అదే అడ్రసును వచ్చినవాళ్లకు పంచుతోంది. సమస్య ఉన్న సమయంలోనే, అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో లినక్స్ మిషన్ నుంచి ఆర్ప్‌పింగ్ కొట్టి సర్వర్ ఐపీ ఇవ్వండి. రెండు వేర్వేరు మ్యాక్ అడ్రసుల (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు) నుంచి జవాబులొస్తే పంచాయితీ తేలినట్టే. రౌటర్ పంచే అడ్రసుల వరసలోంచి సర్వర్ అడ్రసు తీసేయండి.

ప్రశ్న: ప్రైవేటు పాఠశాల మాది. ఫీజుల సర్వర్ ఆఫీసు గదిలో ఇనప బీరువాలో పెట్టాం (పిల్లలు ముట్టుకోకుండా). మార్చి నుంచి మధ్యాహ్నం రెండు, మూడు మధ్య దానంతటదే ఆగిపోతోంది. గంట ఆగి ఆన్ చేస్తే వస్తోంది. వైరస్ అంటున్నారు.
— ఉప్పల్

జవాబు: గడియారం చూసుకుని ఎండవేళకే వచ్చే వైరస్‌ను నేనింతవరకూ చూడలేదు. బీరువాలో, మార్చిలో, మన ఊళ్లో! అది సర్వరా, ఆవకాయ జాడీయా?

అయినా ఎండ మీద నింద వేసే ముందు సాక్ష్యం చూద్దాం. సర్వర్ చావు రెండు రకాలు. చెప్పి పోవడం, చెప్పకుండా పోవడం. జర్నల్‌సీటీఎల్ హైఫన్ బీ హైఫన్ ఒకటి అని కొడితే ఇంతకుముందు నడిచిన విడత లాగ్ వస్తుంది. దాని చివరికి వెళ్లండి. 'టెంపరేచర్ అబవ్ థ్రెషోల్డ్' అని వరసలు పడి, ఆఖరున 'క్రిటికల్ టెంపరేచర్ రీచ్డ్, షటింగ్ డౌన్' అని ఉంటే వేడి. ఏమీ లేకుండా, మామూలు మాటల మధ్యలో లాగ్ తెగిపోయి ఉంటే రెండు అనుమానాలు: కరెంటు (పవర్ సప్లై, యూపీఎస్ బ్యాటరీ), లేదా కెర్నల్‌కు మాట్లాడే వ్యవధి కూడా ఇవ్వకుండా ప్రాసెసర్ తనను తాను ఆపేసుకునేంత వేడి. మీలా బీరువాలో పెట్టినవాళ్లకు రెండోదే ఎక్కువ. పాత సెంటోస్‌లో (ఒక రకం లినక్స్) మునుపటి విడత లాగ్ ఉండకపోవచ్చు. వార్ లాగ్ కింద జర్నల్ అనే ఫోల్డర్ సృష్టించి జర్నల్‌డీ సర్వీసును రీస్టార్ట్ చేస్తే (ఈ రీస్టార్ట్‌కు నా అనుమతి ఉంది) ఇకమీదట దాచుకుంటుంది. బ్రాండెడ్ సర్వరైతే ఐపీఎంఐటూల్ సెల్ లిస్ట్ అని కొట్టండి. మదర్‌బోర్డు తన సొంత డైరీలో వేడి, ఫ్యాను, కరెంటు సంగతులు తేదీలతో రాసుకుంటుంది.

తర్వాత మూత తీయండి. లోపల ప్రాసెసర్ మీది రేకుల మధ్య దుమ్ము దూది పరుపులా పేరుకుని ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి అది గిర్రున తిరిగితే బేరింగులు పోతాయి. హీట్‌సింక్ కింద పేస్టు ఎండిపోయి సున్నపు పెచ్చుల్లా రాలుతుంటే తుడిచి కొత్తది, బియ్యపు గింజంత, పెట్టించండి. బీరువా మాత్రం మానేయండి. తాళమే కావాలంటే జాలీ తలుపున్న ర్యాక్ దొరుకుతుంది.

కానీ ఆపి మూత తీసే ముందు బ్యాకప్ తీసుకోండి, దాన్ని వేరే మిషన్‌లో తెరిచి చూడండి. ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. పదిహేనేళ్ల కిందట బేగంపేటలో ఒక ఆఫీసు సర్వర్‌ను దుమ్ము దులపడానికి ఆదివారం పూట ఆపాను. ఐదేళ్లుగా ఒక్కసారీ ఆగని మిషన్. శుభ్రంగా తుడిచి, నా పనితనానికి నేనే మురిసిపోయి, బటన్ నొక్కితే లోపల్నుంచి 'టిక్... టిక్... టిక్' అని గోడ గడియారంలా చప్పుడు. ఏళ్ల తరబడి తిరుగుతున్న హార్డ్ డిస్కు ఒకసారి ఆగి చల్లారితే మళ్లీ తిరగడం మొదలుపెట్టలేకపోవడం కొత్తేమీ కాదు. నాకు అప్పటికి తెలియదు. బ్యాకప్ మూడు వారాల పాతది. అకౌంటెంటూ నేనూ రెండు రాత్రులు బిల్లుల కట్టలు ముందేసుకుని ఒకరు చదువుతుంటే ఒకరు ఎక్కించాం. ఆయన నాతో ఆ రెండు రాత్రులూ అంకెలు తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

ప్లగ్గు పీకాక ఇంకోటి జరగొచ్చు. మళ్లీ ఆన్ చేస్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి, సైట్లన్నీ సర్టిఫికెట్ చెల్లదని మొరాయిస్తాయి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా మెరిసే సీఆర్2032 బటన్ సెల్ అయిపోయిందంతే. వాచీల షాపులో దొరుకుతుంది. మార్చాక క్రోనీ సర్వీసు టైము సరిచేస్తుంది.

ప్రశ్న: స్మార్ట్‌సీటీఎల్ (డిస్కు ఆరోగ్యం చెప్పే కమాండు) రిపోర్టులో 199వ నంబరు వరస రోజూ పెరుగుతోంది. డిస్కు మార్చేయమంటారా?
— తార్నాక

జవాబు: 199 అంటే సీఆర్‌సీ తప్పులు. డిస్కు పంపిన డేటా దారిలో చెడుతోంది. ముందు సాటా కేబుల్ మార్చి ఇంకో పోర్టులో పెట్టండి. పాత లెక్క సున్నా కాదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. 5, 197 వరసలు (పాడైన, అనుమానం ఉన్న సెక్టార్ల లెక్కలు) పెరుగుతుంటే అప్పుడు డిస్కే పోతోంది, వారాంతం దాకా ఆగకండి.

ప్రశ్న: సెంటోస్ 7 సర్వర్‌లో యమ్ (ప్యాకేజీలు తెచ్చే కమాండు) అప్‌డేట్ కొడితే మిర్రర్‌లిస్ట్ హోస్టు దొరకలేదంటోంది. ఇంటర్నెట్ వాళ్లకు మూడుసార్లు కంప్లైంట్ ఇచ్చాం, వచ్చి చూసి బాగానే ఉందంటున్నారు.
— బాలానగర్

జవాబు: పాపం వాళ్లు నిజమే చెబుతున్నారు. సెంటోస్ 7కు 2024 జూన్ 30తో నూకలు చెల్లాయి, ఆ మిర్రర్ల అడ్రసు తీసేశారు. యమ్ సెట్టింగుల్లో మిర్రర్‌లిస్ట్ వరసను ఆపి, బేస్ యూఆర్‌ఎల్‌లో వాల్ట్ (పాత ప్యాకేజీల గోదాము) అడ్రసు పెడితే పాత ప్యాకేజీలు దొరుకుతాయి, కొత్త భద్రతా సవరణలు మాత్రం రావు. ఆల్మాలినక్స్‌కో రాకీ లినక్స్‌కో మారండి. ఉన్నదాని మీదే మార్పు చేయకుండా, పక్కన కొత్త మిషన్ కట్టి డేటా తరలించండి. సెంటోస్ 8కి వెళదామని ఎవరైనా అంటే అది ఇంకా ముందే, 2021 డిసెంబరు 31న పోయిందని చెప్పండి.

ప్రశ్న: మియాపూర్‌లో ఇంటి నుంచి పనిచేస్తాను. క్లయింటు సర్వర్‌కు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు కొట్టే దారి) కనెక్ట్ అవుతుంది, చిన్న కమాండ్లు బాగానే నడుస్తాయి. పెద్ద ఫైలు చూడబోతే తెర అక్కడికక్కడే గడ్డకడుతుంది. మొబైల్ హాట్‌స్పాట్‌తో ఏ బాధా లేదు. రెండు వారాల కింద సర్వర్ భద్రత కోసం ఫైర్‌వాల్ బిగించాం.

జవాబు: ఆ ఆఖరి వాక్యం ఉత్తరం మొదట్లో రాయాల్సింది! ఐసీఎంపీ (పింగ్ లాంటి నెట్‌వర్క్ కబుర్లు) మొత్తం ఆపేశారు కదూ, 'పింగ్ వస్తే హ్యాకర్లకు తెలిసిపోతుంది' అని?

రైల్వే వంతెనకు ముందు రోడ్డుకు అడ్డంగా ఇనప కమ్మీ కడతారు చూడండి, అంతకన్నా ఎత్తు లారీలు పోకుండా. మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ (రౌటర్‌లో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చే రకం) అయితే అక్కడ కమ్మీ 1492 బైట్ల దగ్గర ఉంటుంది, మామూలు రోడ్డు మీద 1500. సర్వర్ 1500 ఎత్తు లారీ పంపుతుంది. అది కమ్మీ దగ్గర ఆగి, 'ఇంతకన్నా చిన్నది పంపు' అనే కబురు ఐసీఎంపీ రూపంలో వెనక్కి పోతుంది. మీ ఫైర్‌వాల్ ఆ కబురు తెచ్చినవాణ్ని గుమ్మంలోనే గెంటేస్తోంది. సర్వర్ అదే లారీని మళ్లీ మళ్లీ పంపుతోంది. చిన్న కమాండ్ల జవాబులు ఆటోల్లాంటివి, కమ్మీ కింద నుంచి దూరిపోతాయి.

ఇంటి నుంచి పింగ్, హైఫన్ పెద్ద ఎం డీఓ, హైఫన్ ఎస్ 1472 అని కొట్టి ఏదైనా బయటి అడ్రసు ఇవ్వండి. ప్యాకెట్ హెడర్ల 28 బైట్లు కలిస్తే అది 1500. అది పోక, 1464 పోతే రుజువు దొరికినట్టే. ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ టైప్ 3 (ఆ కబురు వచ్చే రకం) లోపలికి రానివ్వండి. క్లయింటు ఒప్పుకోకపోతే మీ రౌటర్‌లో ఎంఎస్‌ఎస్‌ను (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా కొలత) 1452కు తగ్గించే అమరిక ఉందేమో చూడండి, అదీ పనిచేస్తుంది.

ప్రశ్న: మేడమ్, సర్వర్ బాగుచేసేటప్పుడు నోటుబుక్కులో రాసుకోండని ప్రతిసారీ అంటారు. అందులో అసలేం రాస్తారు? ఒక పేజీ చూపించండి.
— మల్కాజ్‌గిరి

జవాబు: కిరాణా కొట్టు పొడుగు నోటుబుక్కే. పోయిన నెలలో ఒక పేజీ, ఉన్నదున్నట్టు:

"ఉదయం 6.50. సైటు రావట్లేదని ఫోన్. ఇంకా టీ తాగలేదు. పింగ్ ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ ఉంది. డీఎఫ్ 62 శాతం, ఐనోడ్లు 8. అవైలబుల్ 5.1 జీబీ. ఎస్‌ఎస్ కమాండులో 443 పోర్టు (సైటుకు వచ్చే తలుపు) వింటున్నవాళ్లెవరూ లేరు. ఎంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) స్టేటస్: ఫెయిల్డ్, 6.41 నుంచి. నిన్న రాత్రి ఎవరూ ఏమీ ముట్టుకోలేదని ప్రమాణం చేస్తున్నారు. కాన్ఫిగ్ ఫైలు తేదీ: నిన్న సాయంత్రం 4.10. నిన్న దాన్ని మార్చేసి రీలోడ్ కొట్టారు, తప్పుంది కాబట్టి అది పాత సెట్టింగులతోనే నడిచింది, ఎవరూ గమనించలేదు. పొద్దున ఆటోమేటిక్ అప్‌డేట్ వచ్చి సర్వీసును రీస్టార్ట్ చేసింది, అప్పుడు పడిపోయింది. ఎంజిన్‌ఎక్స్ హైఫన్ టీ: 29వ లైను. మార్చింది: ఒక సెమీకోలన్. సైటు 7.12కి వచ్చింది. టీ 7.20కి."